రాయిలో రెండో సగం

సోమవారం పొద్దున రూపవతి మిల్స్ గారి సమాధిరాయి మీద అక్షరాలు ఒలుస్తోంది. అప్పుడే ఆయన భార్య చెప్పాపెట్టకుండా షాపులోకి వచ్చింది.

అక్షరాలు ఒలవడమంటే పెద్ద విద్యేం కాదు గానీ, చేతిలో నిదానం ఉండాలి. రాయికి ముందు రబ్బరు షీటు అంటిస్తారు. దాని మీద పేర్లూ తేదీలూ మిషను ముందే కోసిపెడుతుంది. ఆ కోసిన అక్షరాన్ని సన్నకత్తి మొనతో ఓ మూల లేపి, చిరగకుండా, పక్క అక్షరాన్ని కదిలించకుండా పీకి పారెయ్యాలి. తర్వాత యజమాని గోర్డన్ రాయిని వెనక గదిలోకి తోసుకుపోయి దాని మీద ఇసక కొడతాడు. రబ్బరున్న చోట రాయికేం కాదు, లేని చోట గుంట పడుతుంది. అంతే. ఆ గుంటే ఇక ఆ మనిషి పేరు. బందరులో కాన్వెంటు బడి పిల్లలకి డ్రాయింగు నేర్పిన రూపవతి, డార్ట్‌మత్‌లో ఈ సమాధిరాళ్ళ షాపులో చేరి రెండేళ్ళయింది. ఇంతవరకూ ఒక్క అక్షరం చింపలేదని గోర్డన్ అందరికీ చెప్పుకుంటాడు.

పెద్దావిడ ఎర్ర ఉన్నిటోపీ తీసి చేతిసంచిలో పెట్టుకుంది. పేరు నెస్టా. అవతల హాలిఫాక్స్ ఒడ్డు నుంచి ఫెర్రీ పడవ ఎక్కి, దిగాక బస్సు పట్టుకుని, ఒక్కత్తే వచ్చిందట. "మా ఆయన రాయి ఎందాకా వచ్చిందో చూసి పోదామని," అంది.

రూపవతి పక్కకి జరిగింది. ఆవిడ కళ్ళజోడు మార్చుకుని వంగింది. రాయికి తగలకుండా గాల్లోనే వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివింది. ఆర్థర్ మిల్స్. ఓడ ఇంజనీరు. ఫిష్‌గార్డ్, వేల్స్. వేలు అక్కడ ఆగిపోయింది.

"ఇది కాదు," అంది. "మా ఊరు అబెర్‌గ్వైన్."

ఆ మాట విని గోర్డన్ లోపల్నుంచి వచ్చాడు. దుమ్ము మాస్కు మెడలో వేలాడుతోంది. చెడ్డవాడేం కాదు, అరవై దాటిన మర్యాదస్తుడు. అయినా షాపన్నాక షాపు రూలొకటి ఉంటుంది కదా. రాయి మీద ఏం పడాలో కాగితం మీద వేసి చూపిస్తారు, ఆర్డరిచ్చిన మనిషి దాని మీద సంతకం పెడతాడు, ఆ పైన మార్చాలంటే మళ్ళీ ఆ మనిషే చెప్పాలి. ఈ కాగితం మీద సంతకం టొరంటోలో ఉండే కొడుకు హ్యూది.

"నేను ఆర్థర్ భార్యని," అంది నెస్టా.

"తెలుసండీ. అయినా మీ అబ్బాయి మెయిల్ పెడితేనే మేం ముట్టుకోగలం. మళ్ళీ టైం కూడా లేదు. శుక్రవారం స్మశానానికి లారీ వెళ్తోంది, ఈ ఏడాదికి అదే ఆఖరు. తర్వాత నేల గడ్డకట్టిపోతుంది. రాయి నిలబెట్టాలంటే మళ్ళీ మే నెలే."

"మే నెలా?" అందావిడ. "బాబూ, నాకు ఎనభై ఏడేళ్ళు."

గోర్డన్ తన బూట్లకేసి చూసుకున్నాడు. తర్వాత మెయిల్ అడ్రసు ఉన్న కార్డొకటి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడకి మెయిలే లేదు.

రూపవతికి ఒళ్ళు మండిపోయింది. అరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి మాట చెల్లదు, ఎక్కడో టొరంటోలో కూచున్నవాడి గీత చెల్లుతుందిట! ఇదెక్కడి న్యాయమమ్మా? కత్తి బల్ల మీద పెట్టేసి, "నేను భోజనానికి ఇప్పుడే వెళ్తాను గోర్డన్," అని కోటు తగిలించుకుంది. పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఫెర్రీ దాకా దింపడానికి బయల్దేరింది.

రేవులో ఫెర్రీకి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇద్దరూ బెంచీ మీద కూచున్నారు. గాలి చెవులు కొరికేస్తోంది. రూపవతి డబ్బా తీసి నిమ్మకాయ పులిహోర చెంచాతో సగం మూతలోకి తోడి ఇచ్చింది. పెద్దావిడ మొహమాటపడకుండా తినేసింది. తింటూ తన ఊరి సంగతి చెప్పింది. ఎప్పుడో వెయ్యేళ్ళ కిందట ఉత్తరాన్నించి ఓడలవాళ్ళొచ్చి, అక్కడ చేపలు పట్టే దడి చూసి, వాళ్ళ భాషలో అదే పేరు పెట్టారట. పాత కాగితాల్లో ఫిస్కర్డ్ అని ఉంటుందట. అది నలిగి నలిగి ఫిష్‌గార్డ్ అయింది. "అదంతా పైవాళ్ళ గొడవ. గ్వైన్ అని మా ఏరు. ఆ ఏరు సముద్రంలో కలిసే చోటు గనక అబెర్‌గ్వైన్. మా అమ్మ అదే అనేది, మా చర్చిలో అదే అనేవాళ్ళు. ఇప్పుడు రోడ్డు పక్క బోర్డు మీద రెండూ రాస్తున్నారు."

రూపవతికి నవ్వొచ్చింది. "మాదీ చేపల ఊరేనండీ! తెల్లదొరలు మసూలిపటం అన్నారు. కాగితాల్లో మచిలీపట్నం. మచిలీ అంటే చేప. నా పాస్‌పోర్టులో అదే ఉంటుంది. కానీ బస్సెక్కి మచిలీపట్నం టికెట్టివ్వమంటే కండక్టరు మొహం చూస్తాడు, ఈవిడెవరో పైఊరావిడని. మేం బందరు అంటాం. బందరంటే రేవు."

"చూశావా మరి," అని పెద్దావిడ ఆమె మోకాలి మీద చరిచింది. తర్వాత ఖాళీ మూత తిరిగిచ్చింది. "ఆగస్టులో మావాడితో కలిసి మీ షాపుకొచ్చాను. కిటికీ పక్క కుర్చీలో గంటసేపు కూచున్నా. అన్నీ వాణ్ణే అడిగారు. నన్నెవరూ ఏమీ అడగలేదు."

ఫెర్రీ వచ్చింది. ఆవిడ ఎక్కి, కిటికీలోంచి చెయ్యూపింది. రూపవతి తిరిగొస్తూ దారి పొడుగునా ఆ కొడుకుని మనసులో ఉతికి ఆరేసింది.

మంగళవారం మధ్యాహ్నం గోర్డన్ స్మశానంలో పునాదులు చూడ్డానికి వెళ్ళాడు. అదను చూసి రూపవతి ఫైల్లోంచి హ్యూ నంబరు తీసి ఫోన్ చేసింది. తనకి సంబంధం లేని పనని ఆమెకీ తెలుసు. కానీ నోరు ఊరుకోలేదు. మీ అమ్మగారు ఆ వయసులో ఫెర్రీ ఎక్కి వచ్చారు, ఆవిడ కన్నీళ్ళు పెట్టుకోలేదు గానీ అంతపనీ అయింది, నాన్నగారి ఊరి పేరు అమ్మకి తెలుస్తుందా మీకు తెలుస్తుందా, ఒక్క మెయిల్ పెడితే ఆ లైను నేను మళ్ళీ కోసి అంటిస్తాను, మా దేశంలో అయితే తల్లి మాట దాటి ఇలా చెయ్యం. ఊపిరి తీసుకోకుండా అంతా అనేసింది. ఆఖరి మాట పూర్తిగా నిజం కాదని తనకే తోచి, అక్కడ ఆగింది.

అవతల ఏదో తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"మీరు చెప్పేది అర్థమైంది," అన్నాడు హ్యూ మెల్లగా. "మా నాన్నది రైల్వే కుటుంబం. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు. పుట్టింది ఫిష్‌గార్డ్‌లోనే అయినా ఆయనకి వేల్స్ భాష, వెల్ష్, రాదు. అమ్మా, పిన్నీ వంటింట్లో వెల్ష్‌లోనే మాట్లాడుకునేవాళ్ళు. ఆయన మధ్యలో కూచుని టీ తాగేవాడు. ఎప్పుడైనా ముచ్చటపడి అబెర్‌గ్వైన్ అనబోతే, నోరు తిరిగేది కాదు. ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు. ప్రేమగానే లెండి. కానీ ఆయన మానేశాడు. ఏప్రిల్లో, ఆస్పత్రిలో, నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగాడు. 'నా రాయి మీద నేను పలకగలిగిన పేరు రాయించరా' అన్నాడు."

"పోనీ రెండూ రాద్దామా?" అంది రూపవతి.

"ఆయన జన్మలో నన్నడిగింది అదొక్కటే. మార్చలేను." అన్నాడు హ్యూ. "అమ్మకి ఈ సంగతి చెప్పకండి, ప్లీజ్. నవ్వినందుకు ఇప్పుడు కుమిలిపోతుంది. ఆవిడ కోపం నా మీదే ఉండనివ్వండి. నాకలవాటే."

ఫోన్ పెట్టేశాక రూపవతి చాలాసేపు స్టూలు మీదే కూచుండిపోయింది. నిన్నటి నుంచీ తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తల్లిని లెక్కచెయ్యనివాడనుకున్న మనిషి, తల్లికోసమే మాటపడుతున్నాడు. తప్పు ఎవరిదీ కాదు. మరి ఆ ముసలావిడ కడుపులో బాధ మాత్రం అలాగే ఉంది కదా, దాన్నేం చెయ్యాలి? శుక్రవారానికి మూడు రోజులే ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె భర్త యెహెజ్కేలు హ్యాడక్ చేప పులుసు పెట్టాడు. ఆస్పత్రిలో మంచాలు తోసే ఉద్యోగం ఆయనది. పొద్దుటి డ్యూటీ ఉన్న రోజుల్లో వంట ఆయన పాలే. పదహారేళ్ళ కూతురు ఏనీ ఫోన్లోంచి తల ఎత్తకుండా తింటోంది. రూపవతి జరిగిందంతా చెప్పింది.

"దట్స్ సో శాడ్, మమ్మీ. ఫర్ బోత్ ఆఫ్ దెమ్," అంది ఏనీ, ఫోన్ బోర్లించి.

యెహెజ్కేలు ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. "అది సరే రూపా. రాయి ఎంతుంది?"

"పెద్దదేనండీ. జంట రాయి. ఇద్దరికీ సరిపోయేది."

"మరి ఆవిడ సగంలో ఏం రాశారు?"

"ఏం రాస్తాం? ఖాళీ."

"అదేంటి? ఇక్కడ భార్యాభర్తలకి ఇద్దరి పేర్లూ ఒకేసారి చెక్కించేస్తారుగా. చనిపోయిన తేదీ ఒక్కటే తర్వాత వేస్తారు. చర్చి వెనక స్మశానం నిండా అవేగా."

"మీ నోట్లో ముల్లు గుచ్చుకోనూ!" అంది రూపవతి. "బతికున్న మనిషి పేరు సమాధి మీదా? పగవాళ్ళకి కూడా అలాంటిది చెయ్యం. ఫారంలో ఉంటుంది ఆ గడి, ఇప్పుడా తర్వాతా అని. నేను తర్వాత అని టిక్కు పెట్టేస్తాను."

"వాళ్ళని అడిగి పెడతావా?"

ఆమె పళ్ళెంలోకి వంగి అన్నం కలిపింది.

"అడగవన్నమాట." యెహెజ్కేలుకి నవ్వాగలేదు. "ఆదివారం ప్రార్థనలో శకునాలు లేవు, అవన్నీ సైతాను మాటలని సాక్ష్యం చెప్తావు. సోమవారం షాపుకెళ్ళి అందరి బదులూ నువ్వే శకునం చూస్తావు. బాగుంది తల్లీ నీ విశ్వాసం!"

ఇంకోరోజైతే రూపవతి గరిటె విసిరేది. ఆ రోజు చెయ్యి పులుసు అన్నంలో అలాగే ఉండిపోయింది. ఆగస్టు మధ్యాహ్నం కళ్ళకి కట్టింది. కౌంటరు ముందు హ్యూ నిలబడ్డాడు. ఫారం ఆమె చేతిలోనే ఉంది. కిటికీ పక్క కుర్చీలో పెద్దావిడ సంచి ఒళ్ళో పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, ఎవరో తనని పిలుస్తారని చూస్తున్నట్టు కూచుంది. ఆ గడి దగ్గరికొచ్చేసరికి రూపవతి ఆవిడకేసి ఒకసారి చూసింది. అయ్యో పాపం, ఈవిడ ముందు ఆ మాటెలా ఎత్తడం అనుకుంది. గబుక్కున టిక్కు పెట్టి పేజీ తిప్పేసింది. నన్నెవరూ ఏమీ అడగలేదు అంది కదా ఆవిడ. అడగాల్సిన మనిషి కొడుకు కాదు, తనే.

"ఏమైంది?" అన్నాడు యెహెజ్కేలు, ఈసారి నవ్వకుండా.

"పాపం చేశానండీ," అంది రూపవతి.

బుధవారం ఆమె అరగంట ముందే షాపు తెరిచి రెండేళ్ళ ఫైళ్ళు కిందికి దించింది. జంట రాళ్ళ ఫారాలు వేరుచేసింది. తన చేత్తో తర్వాత అని టిక్కు పెట్టినవి ఇరవై మూడు. అందులో ఒక్కరిని కూడా అడిగిన గుర్తు లేదు. గోర్డన్ రాగానే ఆ కట్ట ఆయన ముందు పెట్టి, కూచోకుండా, సంగతి చెప్పేసింది. మంగళవారం చేసిన ఫోను సంగతి కూడా దాచలేదు.

గోర్డన్ ఫారాలు ఒక్కొక్కటీ తిరగేశాడు. మొహం ఎర్రబడింది. "ఇరవై మూడు ఇళ్ళు," అన్నాడు. "ఈ మధ్య జనం మారిపోయారు కాబోలు, ఇద్దరి పేర్లూ అడగడం లేదనుకున్నాను. ఎందుకు చేశావు రూపా?"

"మా వైపు అది చావు కోరినట్టు. అడిగితే వాళ్ళ మనసు కష్టపడుతుందనుకున్నాను."

గోర్డన్ పక్కనున్న రాతిపలక మీద కూలబడ్డాడు. చీమకుర్తి నుంచి వచ్చిన నల్ల గ్రానైటు అది. చెక్కకముందు దాని మీద ఎవరూ కూచోకూడదని రూలు పెట్టింది కూడా ఆయనే.

"మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది," అన్నాడు. "ఆ రాయి నేనే కొట్టాను. పక్కనే నా పేరు కూడా కొట్టుకున్నాను. ఆదివారాలు వెళ్తుంటాను. నువ్వనుకుంటున్నట్టు నాకు భయం వెయ్యదు. నా చోటు నాకుంది, ఎవరూ తీసుకోరు అనిపిస్తుంది. ఆ తర్వాత ఇంటికెళ్ళి నిద్రపోతాను." రెండు చేతులతో మోకాళ్ళు నొక్కుకుని లేచాడు. "ఇరవై మూడు మందికీ నువ్వే ఫోన్ చెయ్యి. నువ్వే అడుగు. ముందు మిల్స్ గారింటితో మొదలుపెట్టు. వాళ్ళబ్బాయి ఒప్పుకోవాలి. రేపు మధ్యాహ్నంలోగా పేరు కోసిన రబ్బరు స్టెన్సిల్ నా చేతికి రావాలి, లేదంటే మే నెలే."

తిడితే బాగుండేదనిపించింది రూపవతికి. హ్యూకి మెయిల్ రాసి, తప్పు తనదేనని ఒప్పుకుంది. పది నిమిషాల్లో జవాబొచ్చింది. 'అమ్మ వైపు అమ్మ ఏం చెబితే అది రాయండి. నాకు చూపించక్కర్లేదు.' కింద సంతకం పెట్టిన కాగితం కూడా ఉంది.

గురువారం పొద్దున నెస్టా మొదటి ఫెర్రీకే వచ్చింది. ఎందుకు రమ్మన్నారో ఫోన్లో చెప్పలేదు గనక, పోట్లాటకి సిద్ధపడే వచ్చినట్టుంది, దవడ బిగించి ఉంది. రూపవతి కిటికీ పక్క కుర్చీని రాయి దగ్గరికి లాక్కొచ్చి ఆవిణ్ణి కూచోబెట్టింది. తను కింద, రాయి చెక్కపీట పక్కన, మోకాళ్ళ మీద కూచుంది. ఆవిడ కళ్ళలోకి చూసి చెబితే గాని చెప్పినట్టు కాదనిపించింది.

"ఆగస్టులో మిమ్మల్ని అడగాల్సింది నేనండీ. మీ అబ్బాయి కాదు. ఈ రెండో సగం మీది. ఏం రాయించుకుంటారని మిమ్మల్ని అడగాలి. మా దేశంలో అలా అడగం, అందుకని నోరు రాక, అడక్కుండా వదిలేశాను. నన్ను క్షమించండి."

రాయి కుడివైపు ఉత్త రబ్బరు, నున్నగా, ఏ గీతా లేకుండా ఉంది. పెద్దావిడ దానికేసి చూసింది. దవడ మెల్లగా వదులైంది.

"నన్ను తీసేశారనుకున్నాను," అంది. "వాడా టొరంటోలో ఉంటాడు, పని మీద పని. నేను పోయాక ఎవరొచ్చి నా పేరు చెక్కిస్తారు? ఇంక ఈ రాయి మీద నాదంటూ ఏమీ ఉండదు, కనీసం మా ఊరైనా మా అమ్మ పిలిచినట్టు ఉండనీ అనుకున్నాను. ఆ ఒక్క లైను కోసం దెబ్బలాడాను."

రూపవతికి కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోడానికి చేతికి రబ్బరు జిగురుంది. మోచేత్తో తుడుచుకుని, పెన్సిలు పుచ్చుకుంది.

"చెప్పండి."

"నెస్టా మిల్స్," అందావిడ. పుట్టిన ఏడాది చెప్పింది. "ఇంక ఏమనేవాళ్ళు నన్ను? టీచరు. నలభై ఏళ్ళు పిల్లలకి చదువు చెప్పాను. టీచరు అని రాయి. ఊరు అబెర్‌గ్వైన్."

రూపవతి ఒక్కొక్క మాటా కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి చూపించింది. బతికున్న మనిషి పేరు రాస్తుంటే ఒకసారి వేళ్ళు బిగుసుకున్నాయి. 'ప్రభువా' అని లోపల అనుకుని రాసేసింది. పెద్దావిడ తల ఊపింది. తర్వాత కుర్చీలోంచి ముందుకు వంగి, ఎడమ సగంలో భర్త పేరు కిందున్న లైను మీద వేలు ఆనించింది. ఈసారి నిజంగానే ఆనించింది.

ఇప్పుడడుగుతుంది, దీన్ని మార్చమని, అనుకుంది రూపవతి. అడిగితే ఏం చెప్పాలి? కొడుకు చెప్పొద్దన్న మాట ఉండనే ఉంది.

"ఇది ఇలాగే ఉండనీ," అంది నెస్టా. "ఆయనకి రెండోది పలకడం వచ్చేది కాదు. ప్రయత్నం చేసినప్పుడల్లా నేనూ మా చెల్లీ నవ్వేవాళ్ళం. ఎప్పుడు మానేశాడో కూడా నేను చూసుకోలేదు. సోమవారం ఫెర్రీలో వెళ్తుంటే గుర్తొచ్చింది, ఎన్నేళ్ళయిందో ఆ మాట ఆయన నోట విని."

రూపవతి తల వంచుకుని కత్తి మొన గుడ్డతో తుడిచింది. ఏదో ఒకటి అనాలని ఉంది. కానీ తను అనగలిగినవన్నీ ఇంకొకరి మాటలే, అందుకని ఊరుకుంది. మిషను కొత్త స్టెన్సిల్ కోసేదాకా ఇద్దరూ టీ తాగారు. కుడి సగం మీది ఉత్త రబ్బరు పీకేసి, కోసిన షీటు తెచ్చి అక్కడ సమంగా పరిచి, రోలరు ఒత్తి, మొదటి అక్షరం మూల కత్తితో లేపింది. అది చిరక్కుండా వచ్చింది. పెద్దావిడ ఊపిరి బిగబట్టి చూస్తోంది. పేరు అయింది, ఏడాది అయింది, టీచరు అయింది. ఊరి దగ్గరికొచ్చేసరికి గోర్డన్ కూడా మాస్కు పట్టుకుని గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు.

ఆఖరి అక్షరం ఒలిచాక రూపవతి లేచి పక్కకి జరిగింది. ఒకే రాయి మీద, ఒకే ఊరు, ఎడమన ఒక పేరూ కుడిన ఒక పేరూ. నెస్టా ఆ రెండింటినీ మార్చి మార్చి చాలాసేపు చూసింది. తర్వాత టోపీ పెట్టుకుని, భర్త పేరు వైపు తిరిగింది.

"పక్కనే ఉంటానుగా. మెల్లగా నేర్పిస్తాను," అంది. "ఈసారి నవ్వను."